జిబ్న డబ్బా: అంత ఉప్పున్నా పొర ఎందుకు కడుతుంది?



క్యాంపుల్లో పొద్దున్నే ఖుబ్జ్‌లో తెల్ల చీజ్ పెట్టుకుని సైటుకు పోయేవాళ్ళు మనలో చాలామందే. ఇక్కడ దాన్ని జిబ్న అంటారు. మన జున్ను వేరు, అది ఈనిన కొత్తలో వచ్చే పాలతో చేసేది. ఇది పాలు విరగ్గొట్టి ఉప్పునీళ్ళలో నిలవ పెట్టింది. పెద్ద డబ్బా చౌక పడుతుందని రూములో నలుగురు కలిసి కొంటారు. కొన్నాళ్ళకు పైన తెల్ల పొర, కల్లు వాసన. పారేయాలంటే డబ్బులు గుర్తొస్తాయి, తినాలంటే భయం.

ఉప్పు నీళ్ళను లాగేస్తుంది. మామూలు బ్యాక్టీరియా చాలావరకు ఆ దెబ్బకు ఆగిపోతుంది. ఈస్ట్ మాత్రం మొండిది. కల్లు పులిసేది, రొట్టె పొంగేది దానివల్లే కదా. అందులో డెబారియోమైసిస్ హాన్సెనియై అని ఒక రకం ఉంది, చీజ్ ఉప్పునీళ్ళంటే దానికి సొంతిల్లు. తన ఒంట్లో గ్లిసరాల్ తయారుచేసుకుని నీళ్ళు బయటికి పోకుండా పట్టుకుంటుంది. సముద్రపు నీళ్ళలో ఉప్పు సుమారు 3.5 శాతం, ఫెటా నిలవ పెట్టే నీళ్ళలో 6 నుంచి 8 శాతం. అక్కడా బతుకుతుంది. ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరుగుతుంది.

అట్లయితే ఉప్పు, చలి దండగేనా? కాదు. ఒక్కటే ఉంటే తట్టుకుంటుంది, రెండూ కలిసి మీద పడితే బాగా నెమ్మదిస్తుంది. 4 డిగ్రీల దగ్గర వారాలు పట్టేది 25 డిగ్రీల్లో రోజుల్లో అయిపోతుంది. మన తంటా అక్కడే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఒమన్‌లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఎండలో పని ఆపాలి. రూముకు వచ్చిన ప్రతివాడూ చల్లనీళ్ళకు ఫ్రిజ్ తీస్తాడు. డబ్బా తలుపు దగ్గరుంటే దానికి చలి అందినట్టే కాదు. వెనకాల, లోపలికి పెట్టండి.

పొర కట్టిన ఈస్ట్ ఊరుకోదు, చీజ్‌లోని పులుపును తినేస్తుంది. పులుపు తగ్గితే అప్పటిదాకా బయట ఆగిన క్రిములు లోపలికొస్తాయి. యూరప్‌లో కొన్ని ఘాటు చీజ్‌లకు ఇదే పని కావాలని చేయిస్తారు, కానీ అది వాళ్ళ అదుపులో జరుగుతుంది. మన డబ్బాలో అదుపెవరిది?

నేను ఎక్కువగా చూసేది ఇంకొకటి. ఉప్పగా ఉందని ఆ నీళ్ళు పారబోసి కుళాయి నీళ్ళు పోస్తారు. ముక్క మెత్తబడి జారిపోతుంది, ఈస్ట్‌కు పండగ. ఉప్పు తగ్గాలంటే తినబోయే ముక్క ఒక్కదాన్నే కాసేపు మంచినీళ్ళలో వేసుకోండి. డబ్బాలో నీళ్ళు తక్కువైతే లీటరు నీళ్ళు మరిగించి, 70 గ్రాముల ఉప్పు కలిపి, పూర్తిగా చల్లార్చి పోయండి. ఆవకాయలో ముక్క నూనెలో మునగాలంటాం కదా, ఇక్కడ ముక్క ఉప్పునీళ్ళలో మునగాలి. ఈ పొర కట్టే ఈస్ట్‌కు గాలి కావాలి. చెయ్యి పెట్టొద్దు, పొడి చెంచా వాడండి.

డబ్బా ఉబ్బినా, పచ్చ, నలుపు, గులాబీ మచ్చలు కనబడినా, పొర మందంగా కట్టి వాసన మారినా ఆలోచించొద్దు, పారేయండి. కడుపు చెడితే ఒక రోజు డ్యూటీ పోతుంది, డబ్బాలో మీ వాటా అంత కూడా కాదు. ఈసారి నలుగురికి సరిపడా చిన్న డబ్బా కొనండి.