బొటనవేలికి పని: లెక్కల బల్లమీద ఆటల మౌస్



హిందూపురం నుంచో, మడకశిర నుంచో, కుప్పం నుంచో సరుకు కోసం బెంగళూరు వచ్చేవారికి బళేపేట కొత్త కాదు. కన్నడంలో బళె అంటే గాజు. గాజుల పేరు మోసే ఆ పేటలో సంగీత వాద్యాలు అమ్మేవారున్నారు, చీరలు అమ్మేవారున్నారు. దుకాణంలో ఒక మూల కంప్యూటరు, దాని ముందు లెక్కలు రాసే మనిషి. అలా కూర్చునేవారిలో నేనూ ఒకణ్ణి. రోజూ మూడు దుకాణాలు తిరిగి లెక్కలు రాస్తాను. ఆటలకోసం చేసిన, ఎక్కువ మీటలున్న మౌస్ మనలాంటివారికి పనికివస్తుందా, వస్తే ఎలాంటిది ఎంచుకోవాలి అన్నదే ఇవాళ మీతో ముచ్చటించబోయే విషయం.

ముందు దీని పుట్టుక రెండు మాటల్లో చెబుతాను. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బర్ట్ బృందం చేసిన తొలి మౌస్ ఒక చెక్కపెట్టె. దానికున్నది ఒకే మీట. 1968లో ఆయన సభముందు చూపించినదానికి మూడు మీటలు. 1996లో మైక్రోసాఫ్ట్ మౌస్ నడుమ చక్రం తిరిగింది. ఆ తర్వాత, వేలమంది ఒకేసారి ఆడే కంప్యూటరు ఆటలు వచ్చాయి. వాటిలో క్షణానికొక ఆయుధం మార్చాలి. చేయి కీబోర్డు మీదికి పోతే ఆలస్యమే. అందుకని 2009లో రేజర్ కంపెనీ నాగా అనే మౌస్‌కు బొటనవేలి పక్కన పన్నెండు మీటలు పెట్టింది. ఆటగాడి అవసరం అది. మరి మన అవసరం ఏమిటి?

ఎస్.పి. రోడ్డులో దుకాణం కుర్రవాడు నన్ను అదే అడిగాడు. “సార్, ఇది గేములాడే పిల్లకాయలు కొనేది, మీకెందుకు?” అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించకుండానే పన్నెండు మీటలది కొన్నాను. అదే నా మొదటి పొరపాటు.

మీరు ఆ పొరపాటు చేయకండి. కొనేముందు ఒక రోజంతా పక్కన కాగితం పెట్టుకోండి. మౌస్ మీదున్న చేయి తీసి కీబోర్డు నొక్కిన ప్రతిసారీ ఒక గీత గీయండి. సాయంత్రం ఆ గీతలే మీకు దారి చూపిస్తాయి. టాలీలో అమ్మకానికి ఎఫ్ ఎనిమిది, కొనుగోలుకు ఎఫ్ తొమ్మిది, చెల్లింపుకు ఎఫ్ అయిదు, వసూలుకు ఎఫ్ ఆరు. అంతా కీబోర్డు మీద నడిచే పని. కుడిచేయి అంకెల మీటల మీదే ఉంటుంది. రోజంతా టాలీ ఒక్కటే చేసేవారికి ఈ మౌస్ అక్కరలేదు, డబ్బు మిగుల్చుకోండి. ఎక్సెల్ పట్టికనుంచి జీఎస్టీ పేజీకి, అక్కడినుంచి బిల్లు బొమ్మకు తిరిగేవారికి, పెళ్ళిపత్రికలు దిద్దేవారికి మాత్రం ఇది నిజంగా మేలు చేస్తుంది. కాపీ, పేస్టు, వెనక్కి, కిటికీ మార్పు, ఇవన్నీ బొటనవేలే చూసుకుంటుంది.

గీతల్లో మళ్ళీమళ్ళీ వచ్చినవి రెండు మూడే అయితే, పక్కన రెండు మీటలున్న మామూలు మౌస్ చాలు. ఆరేడు అయితే ఆరు మీటలది చూడండి. పన్నెండూ చూడకుండా గుర్తుపట్టడం బొటనవేలికి అంత సులభం కాదు.

ఇక రెండో పొరపాటు. టాలీలో తెరమీద ఉన్నదాన్ని ఖాయం చేసే కంట్రోల్-ఎ ని ఒక మీటకు అప్పగించాను. ఒకరోజు చేతిచీటీ చూసి అరువు బిల్లు ఎక్కిస్తూ ఉండగా, వేలు జారి మూడు చీరల బిల్లు ఒక చీరతోనే ముగిసింది. నేను గమనించలేదు. నెలాఖరున సరుకు లెక్కపెడితే రెండు చీరలు తక్కువ. అనుమానం పనికుర్రవాడిమీదికి పోయింది. వాడు తలవంచుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి చీటీలన్నీ తిరగేసి తప్పు నాదేనని పట్టుకున్నాను. మర్నాడు షెట్టిగారి ముందే వాడికి క్షమాపణ చెప్పుకున్నాను. ఖాయం చేసేవి, తొలగించేవి కీబోర్డు మీదే ఉండనివ్వండి. వాటికి రెండు చేతులూ పడితేనే మంచిది.

ఇంకో చిక్కు ఉంది. అదే కంట్రోల్-ఎ ఎక్సెల్‌లో అయితే పట్టికనంతా ఎంచుకుంటుంది. అందుకే ఏ ప్రోగ్రాముకు ఆ అమరిక మారే సదుపాయం అవసరం. అయితే అలా మారాలంటే కంపెనీవారి సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటరులో నడుస్తూ ఉండాలి. నాలాగా ఊరి దుకాణాలు తిరిగేవారికి, అమరిక మౌస్ లోపలే దాచుకునే జ్ఞాపకం ఉన్నది మేలు. అప్పుడు అన్ని ప్రోగ్రాములకూ ఒకే అర్థం ఉన్న కాపీ, పేస్టు వంటివే పెట్టుకోవాలి. డబ్బిచ్చేముందు ఒక కంప్యూటరులో అమర్చి, ఇంకో కంప్యూటరుకు తగిలించి చూపించమని అడగండి.

డబ్బా మీద డీపీఐ అని వేలల్లో అంకెలుంటాయి. మౌస్ ఒక అంగుళం కదిలితే ఎన్ని అడుగులుగా లెక్కిస్తుందో చెప్పే అంకె అది. మన బల్లమీదికి వెయ్యి నుంచి పదహారు వందలు ధారాళం. ఆ పైదానికి డబ్బు పోయకండి.

చివరగా, చేతిలో పెట్టుకుని చూడండి. అరచేయి ఆనిన తర్వాత అది కదలకుండానే బొటనవేలికి చివరి వరుస అందాలి. అందకపోతే రోజంతా వేలు సాగదీయాలి, సాయంత్రానికి మణికట్టు పీకుతుంది. ఎడమచేతి వాటంవారు మరీ జాగ్రత్త. ఇవి ఎక్కువగా కుడిచేతికి మలిచినవే. కొన్న తర్వాత మొదటి వారం రెండే మీటలు వాడండి. అవి అలవాటయ్యాక మూడోది.

ఇప్పుడు నా మౌస్‌లో పన్నెండు మీటలకు పని చేసేవి అయిదే. మిగిలిన ఏడూ ఊరకే ఉన్నాయి. ఆ కుర్రవాడు మాత్రం ఇప్పటికీ నా పక్కన నిలబడి, చీటీలో చీరలెన్నో గట్టిగా చదివి వినిపిస్తాడు.