మాత్ర యనగా కొలత



తెలుగున "మాత్ర" యను మాట మూడుచోట్ల వినబడును. ఛందస్సున అది హ్రస్వాక్షరమును పలుకుటకు పట్టు కాలము. ఆయుర్వేదమున రోగికి ఈయవలసిన ఔషధ పరిమాణము. నేటి వాడుకలో మందుబిళ్ళ. మూడింటికిని మూలార్థము కొలతయే. మందు దేహమున పనిచేయు తీరంతయు ఈ యొక్క మాటలో ఇమిడియున్నది.

సీలేరు కొండలలో దీనికి దగ్గఱి నిదర్శనము మన్యపు జ్వరము, అనగా మలేరియా. దోమకాటుతో దేహమున చేరిన రోగక్రిమి ముందుగా కాలేయమున పెరిగి, పిదప రక్తములోని ఎఱ్ఱకణములలో చొచ్చును. దోమ కడుపులో ఆ క్రిమిని రోనాల్డు రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో కనుగొనెను. దానిపై పనిచేయు క్వినైనును అంతకు చాల ముందే, 1820లో, ఇద్దఱు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సింకోనా బెరడునుండి వేఱుచేసిరి. శత్రువు కనబడకమున్నే ఆయుధము దొరకినదన్నమాట.

మందునకు రోగమును వెదకిపోవు బుద్ధి లేదు. మ్రింగిన మాత్ర కరగి, ప్రేవులనుండి రక్తమున కలిసి, రోగమున్న చోటికిని లేని చోటికిని పోవును. తాళమునకు దాని చెవివలె, తనకు తగిన చోటు దొరకినపుడే పనిచేయును. క్లోరోక్విను సంగతి చూడుడు. క్రిమి ఎఱ్ఱకణములోని హిమోగ్లోబినును తినును. తినగా మిగులు "హీము" అను పదార్థము క్రిమికే విషము. దానిని నిరపాయమైన స్ఫటికములుగా గట్టిపఱచుకొని క్రిమి బ్రదుకును. క్లోరోక్విను ఆ గట్టిపడుటను అడ్డగించును. అంతట క్రిమి తన యెంగిలి విషమున తానే చచ్చును.

అందులకు మందు రక్తమున తగిన మట్టమున నిలువవలయును. సీలేరు జలాశయమును చూచువారికి ఇది సులభముగా బోధపడును. పైనుండి నీరు వచ్చుచుండును, క్రిందికి పోవుచుండును. మట్టము తగ్గినచో విద్యుద్యంత్రములు తిరుగవు. మితిమీఱినచో కట్టకే ముప్పు. దేహమునను అంతియే. కాలేయము మందును మార్చివేయును, మూత్రపిండములు వెలికి పంపును. కనుకనే వైద్యుడు ఇన్ని మాత్రలు, ఇన్ని దినములు అని లెక్క చెప్పును.

ఇండ్లలో జరుగునది వేఱు. మూడవనాటికి చలి విడచును, పోడుపని పిలుచును. మిగిలిన మాత్రలను గుడ్డలో కట్టి చూరున దోపుదురు, మఱొక జ్వరమునకో, పిల్లవానికో పనికివచ్చునని. ఇది అవివేకము కాదు. లేమి నేర్పిన పొదుపు. కాని మందు విషయమున ఈ పొదుపు మూడు విధముల నష్టమును తెచ్చును.

మొదటిది: వైవాక్సు అను జాతి క్రిములు కొన్ని కాలేయమున నిద్రించును. రక్తములోని వానిని క్లోరోక్విను మూడు దినములలో అణచినను, నిద్రించువానికి ప్రైమాక్విను 14 దినములు వాడవలయును. నడుమ మానినచో కొన్ని వారములకో, నెలలకో జ్వరము మరల లేచును.

రెండవది: అరకొర మందునకు చావని గట్టి క్రిములే సంతతిని పెంచును. క్లోరోక్వినుకు లొంగని ఫాల్సిపారం జాతి క్రిమి మన దేశమున 1973లో అస్సాములో కనబడెను. తుదకు 2010లో ఆ జాతికి దేశమంతట ఆర్టిమిసినిను చేరిన మందుల జంట విధింపబడెను. ఆర్టిమిసినినును కనుగొనిన చీనా శాస్త్రజ్ఞురాలు తు యూయూ 2015లో నోబెలు బహుమానము నందెను. ఆ మందునకును కొంత తట్టుకొను క్రిములు ఆగ్నేయాసియాలో ఇప్పటికే పుట్టినవి.

మూడవది: తండ్రి మాత్ర బిడ్డకు మాత్ర కాదు. బరువునుబట్టి, వయస్సునుబట్టి కొలత మాఱును. ప్రైమాక్విను గర్భిణులకు ఈయరాదు. జి-6-పి-డి అను ఎంజైము కొఱవడినవారిలో అది ఎఱ్ఱకణములను పగులగొట్టును. ఒకరికి ప్రాణము పోసినది మఱొకరికి ప్రాణము మీదికి తెచ్చును.

ఒక మాత్ర తప్పినచో పద్యము కుంటును; విన్నవారు నవ్వి మఱచిపోవుదురు. మందున మాత్ర తప్పినచో ఆ తప్పు దేహమున దాగి, అదను చూచి లేచును. ఈ గ్రంథాలయమునకు వచ్చు చదువరి ప్రతివాడును తన యింటి చూరును ఒకమాఱు తడవి చూడవలయును. అచ్చట మాత్రల మూట యున్నచో దానిని ఆరోగ్య కార్యకర్తకు చూపవలయును. ఆ మూట మిగిలిన మందు కాదు, మిగిలిన జ్వరము.