ఏ పాఠం ముందు, ఏ పాఠం తర్వాత

(ధర్పల్లి మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో శిక్షణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన శిక్షణలను ఆన్‌లైన్‌లో పెట్టుకుందామని ఈ ఏడు అనుకుంటున్నం. ఎవరింట్లో వాళ్లు ఫోన్‌లో చూసుకోవచ్చు. వీడియోలు ఎవరు తీయాలె అని అందరూ అడుగుతున్నరు. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది పాఠాల వరుస.

ఈ సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పసుపు తవ్వుతం, ఉడకబెడతం, ఆరబెడతం, ఆ తర్వాతనే పాలిష్ పడతం. ఆరని కొమ్మును ఎవరూ పాలిష్ డ్రమ్ములో వెయ్యరు. కానీ సంచులు కొనిపెట్టుకునే పని ముందు చేసినా నడుస్తది, వెనక చేసినా నడుస్తది. పాఠాలు కూడా అంతే. కొన్నింటికి వరుస తప్పదు, కొన్నింటికి అవసరం లేదు.

ఆన్‌లైన్ చదువుల కోసం మూడల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియాలో మార్టిన్ డౌగియమాస్ అనే ఆయన మొదలుపెట్టిండు, 2002లో బయటకు వచ్చింది. ఒక పాఠం పూర్తయితేనే, లేదా దాని పరీక్షలో ఇన్ని మార్కులు వస్తేనే తర్వాతది తెరుచుకునేటట్టు అందులో పెట్టవచ్చు. ఇలాంటి వేదికల్లో కొన్ని కోర్సులను కలిపి ఒక కార్యక్రమంగా కట్టేటప్పుడు మూడు పద్ధతులు ఉంటాయి. అన్నీ వరుసగా చదవాలి అనవచ్చు. అన్నీ చదవాలి, వరుస మీ ఇష్టం అనవచ్చు. ఇన్నింటిలో కనీసం ఇన్ని చదివితే చాలు అనవచ్చు.

పసుపు పొడి తయారు చేసి అమ్మాలనుకునే సభ్యుల కోసం మా ప్రతిపాదన ఇది.

మొదటి మెట్టు ఫోన్ భద్రత. దీనికి తాళం ఉండాలె. పైసలు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం లేదు, పంపడానికే కావాలె. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలె. ఇది తెలిసినంకనే మిగతావి తెరుచుకోవాలె, ఎందుకంటే అమ్మకం మొదలైతే డబ్బు ఫోన్‌లోనే తిరుగుతది.

రెండో మెట్టు నాణ్యత. దీనికి కూడా తాళం ఉండాలె. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పసుపు పొడిలో తేమ 10 శాతం దాటకూడదు. రంగు కోసం కలిపే లెడ్ క్రోమేట్ అసలు ఉండకూడదు. అందులోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తది. ప్యాకెట్ మీద సంఘం పేరు పడ్డాక ఒక్క సభ్యురాలి పొరపాటు అందరి మీదకు వస్తది.

మూడో మెట్టులో లేబుల్, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, ధర కట్టడం, లెక్కల పుస్తకం. అన్నీ చదవాలె, వరుస ఎవరిష్టం వాళ్లది. నాలుగో మెట్టులో మేళాలో అమ్మడం, దుకాణాలకు వెయ్యడం, ఆన్‌లైన్ అమ్మకం ఉంటాయి. ఎవరికి కావాల్సింది వాళ్లు ఒకటి తీసుకుంటే చాలు.

తాళం పెట్టడం సులువే. అది గోడ కాకుండా చూసుకోవాలె. ఏండ్ల సంది సంఘం పుస్తకాలు రాస్తున్న అక్క "నాకు లెక్కలు వస్తయ్, మళ్ల మొదటి నుంచి ఎందుకు చూడాలె?" అంటే అది న్యాయమైన మాట. ఆమె నేరుగా పరీక్ష రాసి ముందుకు పోయే దారి ఉండాలె. చదవడం రాని సభ్యురాలికి ప్రశ్న వినిపించాలె, జవాబు బొమ్మల్లో ఉండాలె.

గడువుల సంగతి కూడా ఆలోచించాలె. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వకం, ఉడకబెట్టడం. ఆ రోజుల్లో ఆఖరి తేదీ పెడితే సగం మంది ఆగిపోతరు. ఆ మూడు నెలలు గడువే వద్దు.

ఇంటికి ఒక్కటే ఫోన్ ఉన్నవాళ్లు సంఘం సమావేశం రోజున అందరితో కలిసి వీడియో చూడవచ్చు. పరీక్ష మాత్రం ఎవరిది వాళ్లే రాయాలె. వీఓఏ గానీ, ఇంట్లో పిల్లలు గానీ నొక్కిపెట్టొద్దు. నా పేరు మీద ఇంకొకరు నొక్కినా పచ్చ గుర్తు పడతది. పైసలు పోయేటప్పుడు మాత్రం నా ఖాతా నుంచే పోతయ్.

అందరికీ తెరిచే ముందు వేర్వేరు ఊర్ల నుంచి ఐదుగురు సభ్యులు తమ సొంత ఫోన్లలో మొదటి నుంచి చివరి దాకా చూడాలె. ఒక్కోసారి రెండు పాఠాలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూసేటట్టు తాళాలు పడతయ్. అప్పుడు ఎవరూ ముందుకు పోలేరు. మధ్యలో పాఠం మారిస్తే ఇప్పటికే పూర్తి చేసినవాళ్ల గుర్తు పోకుండా కూడా చూసుకోవాలె.

చివరగా గ్రామ సంఘాలకు ఒక పని. వచ్చే సమావేశంలో పాఠాల పేర్లు చీటీల మీద రాసి చాప మీద పరవండి. ఏది ముందు, ఏది తర్వాత అని మీరే పేర్చండి. ఎక్కడ తాళం కావాలో అక్కడ ఒక గింజ పెట్టండి. "ఇది రాకపోతే ఎవరికి నష్టం?" అని ప్రతి గింజ దగ్గర అడగండి. జవాబు దొరకకపోతే ఆ గింజ తీసేయండి. మీరు పేర్చిన వరుసను మినిట్స్ పుస్తకంలో రాసి సమాఖ్యకు పంపండి. వాటిని ముందర పెట్టుకునే మనం కార్యక్రమాన్ని కడదాం.