సముద్రం అడుగు మాట వినేవాళ్ళు, ఒడ్డున నిలబడ్డవాళ్ళు
(హత్నూరలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

హత్నూరలో కూర్చుని సముద్రం గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపిస్తూ వుండవచ్చు. మనకున్నది మంజీర, చెరువులు, కంపెనీలు. సముద్రం చూడాలంటే మూడు వందల కిలోమీటర్లకు పైనే పోవాలి. కానీ దేశపు సముద్రాలను కనిపెట్టి వుండే కార్యాలయం తీరంలో లేదు, మన పక్కనే హైదరాబాద్ ప్రగతినగర్‌లో వుంది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ పేరు భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. (పేరు చదివేలోగా అల ఒడ్డుకొచ్చేస్తుంది. ఇన్‌కాయిస్ అనుకుందాం.) సమాచార సేవ అన్నారు కాబట్టి మన ప్రశ్న కూడా అదే: సమాచారం ఎవరిది, సేవ ఎవరికి?

ముందు ఆ పరికరాలు ఎట్లా పనిచేస్తాయో తెలుసుకోవాలి. సైన్సు మనకెందుకని వదిలేస్తే, దాని మీద నిర్ణయాలు కూడా వదిలేసినట్టే. సముద్రం అడుగున, మూడు నాలుగు కిలోమీటర్ల లోతున, ఒక ఒత్తిడి కొలిచే యంత్రాన్ని దింపుతారు. నీటి మట్టం పైన ఒక సెంటీమీటరు పెరిగినా కింద బరువు మారుతుంది, యంత్రం పసిగడుతుంది. మరి ఆ కబురు పైకి రావటమెట్లా? సెల్‌ఫోను సిగ్నల్ లాంటివి ఉప్పునీళ్ళలో ఎంతో దూరం పోలేవు. శబ్దం పోతుంది. నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు, అంటే గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా నడుస్తుంది. అందుకని కింది యంత్రం శబ్దంతోనే పైన తేలే బోయాకు చెబుతుంది. బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం నేల మీది కేంద్రానికి అందిస్తాయి. ఈ బోయాలను తయారు చేయించి, నడిసముద్రంలో లంగరేసి, మరమ్మతులు చూసేది చెన్నైలో 1993లో పెట్టిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ.

ఇదే శబ్దశాస్త్రం యుద్ధానికీ పనికొస్తుంది. మన భానూరులో ఫ్యాక్టరీ వున్న భారత్ డైనమిక్స్ సంస్థే వరుణాస్త్ర అనే టార్పెడోలను తయారు చేస్తోంది. దాన్ని రూపొందించింది విశాఖపట్నంలోని నౌకాదళ పరిశోధనాలయం. నీళ్ళలోని చప్పుడును బట్టే అది లక్ష్యాన్ని వెతుక్కుంటుంది. దాని సంగతి ఇవాళ ఎక్కువ మాట్లాడను. ఒకే విద్య ప్రాణం తీయటానికీ, కాపాడటానికీ రెండింటికీ వుంది కనుక, ఖర్చు ఎటు పోతోందో అడిగే హక్కు మనకుందని మాత్రం గుర్తు పెట్టుకుందాం. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లోతు సముద్ర పరిశోధనా పథకానికే 4,077 కోట్ల రూపాయలు.

ఇక 2004 డిసెంబర్ 26. ఆదివారం. సునామీ లోతు నీళ్ళలో ఎత్తుగా లేవదు. వేటకు పోయిన పడవల కిందనుంచి అది పోతున్నా వాళ్ళకు తెలియలేదు. ఒడ్డు దగ్గర నీళ్ళు తక్కువై, అల లేచి మీద పడింది. ఆ వేళకు ఒడ్డున వున్నదెవరు? పడవలు వస్తే చేపలు తీసుకుని అమ్ముకుందామని తట్టలతో నిలబడ్డ ఆడవాళ్ళు. ఇళ్ళలో పిల్లల్ని చూసుకుంటున్నవాళ్ళు. మరుసటి సంవత్సరం ఆక్స్‌ఫామ్ సంస్థ వేసిన లెక్కలో, తమిళనాడు కడలూరు జిల్లాలో చనిపోయిన స్త్రీలు 391 మంది, పురుషులు 146 మంది. అలకు ఆడ, మగ తేడా తెలియదు. కానీ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు పిల్లల్ని వదిలి పరుగెత్తలేరో, ఎవరికి ఈత నేర్పలేదో మన సమాజం ముందే నిర్ణయించి పెట్టింది. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన చూసిన జాతికి ఇది కొత్త పాఠమేమీ కాదు.

ఆ తర్వాత 2007 అక్టోబర్ 15న ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. భూకంపం వచ్చిన పది నిమిషాల ప్రాంతంలో మొదటి సమాచారం ఇవ్వగలదు. నిజంగా మెచ్చుకోవలసిన పని. అయితే ఆ సమాచారం ఢిల్లీకి, రాష్ట్ర రాజధానికి, కలెక్టరు ఆఫీసుకు పోతుంది. అక్కడినుంచి గుడిసె దాకా వచ్చే ఆఖరి కిలోమీటరులో యంత్రాలు లేవు, మనుషులే వున్నారు. ఒడిశాలో రెండు ఊళ్ళు, వెంకట్రాయపూర్, నోలియాసాహి, దారులు గుర్తించుకుని, ఎటు పరుగెత్తాలో అభ్యాసం చేసి 2020లో యునెస్కో గుర్తింపు పొందాయి. సాధ్యమేనన్నమాట.

రోజువారీ సమాచారం సంగతీ అంతే. సముద్రపు పైపొర వేడిని, నీటిలోని పచ్చదనాన్ని ఉపగ్రహాలతో చూసి, ఏ దిక్కున, ఎంత దూరంలో చేపలు దొరకవచ్చో ఇన్‌కాయిస్ తెలుగులో కూడా చెబుతుంది. దిక్కు, దూరం, లోతు: ఇవన్నీ పడవ నడిపేవాడికి పనికొచ్చే మాటలు. చేపను కొని, ఎండబెట్టి, తలమీద పెట్టుకుని ఊరూరా అమ్మే స్త్రీకి కావలసినవి వేరు. రేపు ఏ రేవులో సరుకు ఎక్కువ దిగుతుంది, ఐసుకు ఎంత డబ్బు పెట్టాలి, అప్పు తేవాలా వద్దా. ఆ ప్రశ్నలు ఆమెను ఎవరూ అడగకపోతే పరికరం ఎంత గొప్పదైనా జవాబు మగవాళ్ళ వైపే తిరిగి వుంటుంది. ఫోను ఇంట్లో ఎవరి జేబులో వుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పటాన్‌చెరు, బొల్లారం వైపునుంచి వచ్చే నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో, గోదావరి బంగాళాఖాతంలో. ఆ సముద్రం అడుగున సెంటీమీటరు తేడా పట్టగలిగిన దేశంలో, ఇక్కడ వాగునీళ్ళలో ఏముందో గొడ్లు తాగడం మానేశాకే, చెరువులో చేపలు తేలాకే మనకు తెలుస్తోంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రంనుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా వున్నట్టు ప్రచురించారు. ఆ మందు మింగిన మనిషి రక్తంలో వుండేదానికన్నా అది ఎక్కువ. ఈ మాట మనకు చెప్పటానికి అంత దూరంనుంచి రావలసి వచ్చింది.

కొలిచే యంత్రాలు ఇక్కడ అసలు లేవనుకోకండి. కాలుష్యం ఎక్కువగా వుండే 17 రకాల పరిశ్రమలు వ్యర్థాలను ఎప్పటికప్పుడు కొలిచే యంత్రాలు పెట్టాలని, ఆ లెక్కలు నేరుగా మండలికి చేరాలని 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. అంతకుముందే, 2003 అక్టోబర్ 14న, ప్రమాదకర వ్యర్థాల కేసులో సుప్రీంకోర్టు ఏ రసాయనాలు వాడుతున్నారో, నీటిలోకి, గాలిలోకి ఏం వదులుతున్నారో ఫ్యాక్టరీ గేటు బయట బోర్డు మీద పెట్టాలన్నది. 2005నుంచి సమాచార హక్కు చట్టం వుంది.

కాబట్టి ఒక పని చేద్దాం. మీ ఊరికి దగ్గరి కంపెనీ గేటు దగ్గరికి ఇద్దరిద్దరుగా వెళ్ళండి. ఒక్కరే వద్దు. బోర్డు వుందా, ఏ భాషలో వుంది, అంకెలు ఏ తేదీవి, చదవరాని మనిషికి అవి ఎట్లా అర్థమవుతాయి? చూసింది చూసినట్టు నోటుపుస్తకంలో రాసుకోండి. బోర్డు లేకపోతే లేదనే రాయండి. ఆ పుస్తకాలు ముందు పెట్టుకుని కాలుష్య మండలికి సమాచార హక్కు దరఖాస్తులు ఇక్కడే, తెలుగులోనే రాద్దాం.