గోడ మీది పనిలో ఆర్టిస్టు ఎవరు, హెల్పర్ ఎవరు?

(ప్రసంగ పాఠం)



పాలమూరు అనగానే వలసల గురించి మాట్లాడమంటారు. వలసల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు ఊళ్ళోనే ఉండి చేసే ఒక పని గురించి చెబుతాను. ఇళ్ళకు రంగులు వేసే పని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో బొమ్మలు వేయడం నేర్చిన ఆర్టిస్టులు ఈ పనిలోకి ఎలా వచ్చారో తెలుసుకుందామని బయలుదేరాను. తిరిగొచ్చాక చూసుకుంటే నా నోట్సు నిండా, ఎవరూ ఆర్టిస్టులనని ఆడవాళ్ళే ఉన్నారు.

ముందు ఆర్టిస్టుల సంగతి. ఒకప్పుడు ప్రతి పట్టణంలోనూ కొందరు ఉండేవారు. దుకాణాల బోర్డులు, సినిమా బ్యానర్లు, గోడల మీద ఎన్నికల రాతలు అన్నీ వాళ్ళ చేతి మీదుగానే. బోర్డు కింద ఓ మూల తమ పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అని రాసుకునేవారు. 2000 తర్వాత ఫ్లెక్సీలు ముంచెత్తాయి. చేత్తో రెండు రోజులు రాసే బోర్డును యంత్రం నిమిషాల్లో తీసిస్తుంటే ఎవరు ఆగుతారు? గద్వాలలో నేను కలిసిన ఒకాయన కుంచెలు మూటగట్టి అటకెక్కించి, ఇళ్ళ పెయింటింగు గుత్తకు తీసుకోవడం మొదలుపెట్టారు. మొదట్లో నామోషీగా ఉండేదట. తర్వాత ఆ చేతి పనితనమే అక్కరకొచ్చింది. హాల్లో ఒక గోడకు డిజైను, పూజగది గుమ్మం పైన లక్ష్మి, అంగన్‌వాడీ గోడల మీద అ ఆలు, ఏనుగులు, నెమళ్ళు. ఇప్పుడాయన కింద ఆరుగురు పనిచేస్తున్నారు. అయినా కళ చచ్చిపోయిందని బాధపడతారు. ఆ బాధ నిజమైనదే, నేను కాదనను.

ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికిన రోజుల్ని మనం ఎంత ఇష్టంగా చెప్పుకుంటాం! మగవాడు గోడ నుంచి కాన్వాసుకు ఎక్కినా, కాన్వాసు నుంచి గోడకు దిగినా అదో కథ అవుతుంది.

ఆయన కింది ఆరుగురిలో ఇద్దరు స్త్రీలు. ఏం చేస్తారని అడిగితే “హెల్పర్లు మేడం, గోకుతరు, కడుగుతరు” అన్నారు. పాత రంగు గోకడం, ఉప్పు కాగితంతో రుద్దడం, లప్పం కలపడం, నీళ్ళు మోయడం, నేల మీద పడ్డ చుక్కలు తుడవడం. డబ్బాలో కుంచె ముంచేది మాత్రం మగవాళ్ళు.

నాగర్‌కర్నూల్‌లో పొద్దున్నే అడ్డా మీద నిలబడ్డ ఒకామె, యాభైకి దగ్గరపడిన మనిషి, నాతో అన్న మాట వినండి. “పెండ్లయి వచ్చినకాడికెల్లి మా అత్తగారింటి గోడలకు సున్నమేసింది నేనే అక్కా. జాజు పూసింది నేనే. సున్నంల నీలిమందు ఎంత కలపాల్నో మా ఆయనకేం ఎరుక? గిప్పుడు మేస్త్రీ డబ్బ ముట్టనియ్యడు.”

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. రాతి సున్నం నానబెట్టి, అది ఉడికి చల్లారాక వడగట్టి, గోడకు పట్టుకునేందుకు బంక కలిపి, తెల్లదనం తేలడానికి చిటికెడు నీలిమందు వేసి, నారకుంచెతో పై నుంచి కిందికి ఒకసారి, అడ్డంగా ఒకసారి వేస్తారు. గోడ అడుగున జాజు పట్టె, దాని మీద ముగ్గు. ఎంత పలచన అయితే కారుతుందో, ఎంత చిక్కన అయితే పెచ్చులూడుతుందో ఆ చేతికి తెలుసు. ఇది రంగుల శాస్త్రం కాక మరేమిటి? కానీ దసరాకీ సంక్రాంతికీ ఇంట్లో ఊరికే చేసినన్నాళ్ళూ దాన్ని పని అని కూడా ఎవరూ అనలేదు. మట్టి గోడలు పోయి సిమెంటు గోడలొచ్చాయి, సున్నం పోయి ఎమల్షన్ వచ్చింది, పనికి కూలి వచ్చింది. కూలి రాగానే అది మగవాడి పని అయిపోయింది. వంటలోనూ, కుట్టుపనిలోనూ మనం చూసిందే ఇది.

బీహార్‌లోని మిథిలలోనూ స్త్రీలు ఇంటి గోడల మీదే బొమ్మలు వేసేవారు. 1966-67 కరువు రోజుల్లో వాళ్ళకు బతుకుతెరువు చూపాలని ప్రభుత్వం తరఫున కాగితాలు పంచి వాటి మీద వేయమన్నారు. 1975లో జగదంబాదేవికి పద్మశ్రీ వచ్చింది. చేతులు అవే, బొమ్మలు అవే. పాలమూరుకూ కరువులు తక్కువేం కాదు. మన వాళ్ళ చేతికి ఎవరూ కాగితం ఇవ్వలేదు, తట్ట ఇచ్చారు.

వనపర్తిలో ఒక అమ్మాయిని కలిశాను. డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసైంది. డ్రాయింగ్ టీచరు కొలువు కోసం ఏళ్ళ తరబడి చూసింది. తనతోపాటు పరీక్ష రాసిన అబ్బాయిలు పెయింటింగ్ గుత్తలు పట్టుకుని బైకులు కొనుక్కున్నారు. నువ్వెందుకు వెళ్ళలేదంటే నవ్వింది. “నిచ్చెనెక్కితే కింద నిలబడి చూస్తరు మేడం. పరాయి ఇంట్ల పొద్దందాక ఉంటే ఇంట్లోళ్ళు ఊకుంటరా?” ఇప్పుడు పెళ్ళిళ్ళకు మెహందీ పెడుతోంది.

ఇక ఆరోగ్యం సంగతి. ఇళ్ళ రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని 2016లో కేంద్రం నిబంధన చేసింది, 2017 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. మరి అంతకుముందు తలుపులకు, కిటికీ ఊచలకు పొరల మీద పొరలుగా వేసిన పసుపు, ఎరుపు ఎనామిళ్ళ మాటేమిటి? వాటిని గోకేదెవరు? హెల్పరు. ఆ దుమ్ము పీల్చేదీ, అదే చేత్తో సద్ది తినేదీ ఆమే. సీసం గర్భిణి రక్తం నుంచి బిడ్డకు చేరుతుంది, బిడ్డ మెదడును దెబ్బతీస్తుంది, గర్భస్రావాలకూ కారణమవుతుంది. తక్కువ కూలి, ఎక్కువ విషం ఒకే మనిషి వాటాకు రావడం యాదృచ్ఛికమని నేననుకోను. మీరు పనిచేసే చోట కనీసం ఇవి చెప్పండి: పాత ఎనామిలును పొడిగా రుద్దొద్దు, తడిపి రుద్దాలి. తినేముందు సబ్బుతో చేతులు కడగాలి. పనిలో కట్టిన చీరను పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. గర్భిణులు ఆ పనికి వెళ్ళొద్దు. ఆ రోజుల కూలి ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం మేస్త్రీకే కాదు, ప్రభుత్వానికీ వేయాలి.

సమాన పనికి సమాన వేతనమని 1976 చట్టం చెప్పింది, 2019 వేతనాల కోడ్ కూడా అదే చెప్పింది. మేస్త్రీ దాన్ని దాటేయడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. పనికి వేరే పేరు పెడితే చాలు. అందుకే పేరు దగ్గరే మనం పట్టుబట్టాలి. ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవారు భవన నిర్మాణ కార్మికులుగా నమోదు కావచ్చు. 1996 చట్టంలో ఉన్న ఈ లెక్క 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. రంగులు వేయడం అందులోకి వస్తుందని చాలామంది స్త్రీలకు తెలియదు.

నాగర్‌కర్నూల్ ఆమె దరఖాస్తు నేనే నింపాను. వృత్తి అన్న గడి దగ్గర ఆగాను. ఏం రాయమంటావని అడిగాను. పక్కనే నిలబడ్డ భర్త “లేబర్ అని రాయండి” అన్నాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. “పెయింటర్ అని రాయి అక్కా” అంది.