ప్రధాన సంఖ్యల వెంట ఒక జీవితం



మన పాఠశాలకు 75 ఏండ్లు నిండినవి. లెక్కల మాస్టారి దృష్టికి 75 అంత గొప్ప సంఖ్య కాదు. మూడింటితోను, అయిదింటితోను నిశ్శేషంగా భాగింపబడుతుంది. దానికి కొంచెం ముందున్న 71, 73 మాత్రం ప్రధాన సంఖ్యలు. రెండే భేదంగా జంటగా నిలిచే ఇట్టివానిని కవల ప్రధాన సంఖ్యలంటారు. 11, 13 అటువంటివే. 29, 31 అటువంటివే. ప్రధాన సంఖ్యలు అనంతమని యూక్లిడ్ సుమారు 2,300 ఏండ్ల క్రిందటనే నిరూపించాడు. మరి కవలలు అనంతమా? ఆరవ తరగతి పిల్లవానికి కూడా అర్థమయ్యే ఈ ప్రశ్నకు నేటికీ నిరూపణ లేదు.

ఈ ప్రశ్న దిశగా పెద్ద అడుగు వేసిన ఈటాంగ్ ఝాంగ్ 1955లో చైనాలోని షాంఘైలో జన్మించారు. పదేండ్ల ప్రాయంలోనే ఫెర్మా, గోల్డ్‌బాక్‌ల ప్రశ్నలను గూర్చి తెలిసికొని ముగ్ధులయ్యారు. అంతలో సాంస్కృతిక విప్లవం వచ్చింది. తల్లితోపాటు పల్లెకు పంపబడి పొలంపని చేశారు. ఉన్నత పాఠశాల చదువన్నదే లేదు. 1978లో, 23వ ఏట, పెకింగ్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1991లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పూర్తిచేసినా తగిన ఉద్యోగం లభించలేదు. కొన్నేండ్లు మిత్రుని తినుబండారాల దుకాణాలలో లెక్కలు వ్రాస్తూ కాలం గడిపారు. 1999లో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో బోధకునిగా కుదురుకున్నారు. తల్లిదండ్రులు మన్నింతురు గాక, ఇన్నేండ్లలో ఆయన ప్రచురించిన వ్యాసాలు వ్రేళ్ళపై లెక్కింపదగినవి!

2012 జూలై 3న కొలరాడోలో మరొక మిత్రుని ఇంటి పెరటిలో, జింకలు వచ్చునేమోనని పచార్లు చేస్తుండగా ఆయనకు మార్గం స్ఫురించింది. ఆ మిత్రుని కుమారునికి కలనగణితం నేర్పడానికై వెళ్ళియున్న రోజులవి. జింకలు రాలేదు. పత్రికలు ఈ ముచ్చటనే ఎక్కువగా చెప్పుకున్నవి గాని, ప్రేరణ పెరటిలో పుట్టిందని నేననను. 2005లో గోల్డ్‌స్టన్, పింట్స్, యిల్దిరిమ్ అను ముగ్గురు గమ్యానికి వెంట్రుకవాసి దూరంలో ఆగియుండిరి. అంకశ్రేఢులలో ప్రధాన సంఖ్యలు ఎంత సమంగా పంచబడి ఉన్నవో ఇంకొంచెం గట్టిగా తెలిస్తే చాలును. ఆ ‘ఇంకొంచెం’ కోసం ఝాంగ్ ఏండ్ల తరబడి ఒంటరిగా తలపోసియుండుటచేతనే ఆ అరగంట ఫలించింది.

2013 ఏప్రిల్‌లో ‘ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’ పత్రికకు వ్యాసం పంపారు. ఏండ్లు పట్టగల పరిశీలన మూడు వారాలలో ముగిసింది. భేదం ఏడు కోట్లకు మించని ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నవని అందులో నిరూపించారు. ఏడు కోట్లెక్కడ, రెండెక్కడ అని నవ్వవచ్చును. అంతకుముందు ఆ భేదానికి ఏ హద్దూ నిరూపింపబడలేదు. గణితం యువకుల విద్య అని హార్డీ 1940లో వ్రాశారు. ఈ హద్దు దొరికేనాటికి ఝాంగ్ వయస్సు అరవైకి చేరువ.

అదే ఏడు చివర జేమ్స్ మేనార్డ్ అను యువకుడు వేరొక పద్ధతిలో హద్దును 600కు దింపారు. 2014లో పలువురు కలిసి చేసిన కృషితో అది 246కు చేరింది. అక్కడినుండి 2కు దిగే మెట్లు ఇంకా ఎవరికీ కనబడలేదు.