రెండు కాగితాలు - రెండు వలసలు
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో డి.ఎ. గురించో, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించో మాట్లాడమంటే నాకు సులువుగా ఉండేది. కార్యదర్శి గారు మాత్రం "మీ అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, మీరు పనిచేసింది గల్ఫ్ ఊళ్ళలో, వలసల గురించి మాట్లాడండి" అన్నారు. కాదనలేకపోయాను. నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ణి కాను. జగిత్యాల చుట్టుపక్కల సబ్ పోస్టుమాస్టరుగా పనిచేసి 2008లో రిటైరయ్యాను. పోస్టాఫీసు కిటికీలోంచి కనిపించిన మేరకు చెబుతాను.

మా ఆఫీసుకు దుబాయి నుంచి రిజిస్టరు కవర్లు వచ్చేవి. లోపల బ్యాంకు డ్రాఫ్టు, అప్పుడప్పుడు ఉత్తరానికి బదులు మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు. తర్వాతి కాలంలో అమెరికా యూనివర్సిటీల కవర్లు మొదలయ్యాయి. మొదటి కవరు వస్తే ఇంట్లో అప్పు తీరేది. రెండోది వస్తే కొత్త అప్పు మొదలయ్యేది, కానీ ఊరంతా వచ్చి అభినందించేది.

ఈ తేడాను ప్రభుత్వాలు నైపుణ్యం ఉన్న వలస, నైపుణ్యం లేని వలస అంటాయి. ఇది కొత్త సంగతి కాదు. అమెరికా 1882లో చైనీయులను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు ఆపింది కూలీలను. వర్తకులకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మినహాయింపు ఉంది. మన దేశానిదీ అదే పద్ధతి. 1983 వలసల చట్టం కింద ఇప్పుడు పదో తరగతి పాసు కానివారికి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని పడుతుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఉద్దేశం మంచిదే, మోసపోకుండా కాపాడడం. కానీ రాడ్ కట్టడం, సెంట్రింగు కొట్టడం, నలభై అంతస్తుల ఎత్తున నిలబడి వెల్డింగు చేయడం నైపుణ్యం కాదా? లెక్కలోకి వచ్చే నైపుణ్యం చేతిలో ఉన్నది కాదు, కాగితం మీద ఉన్నది.

ఇక ఆర్థికం. వలస వచ్చినవాళ్ళ వల్ల స్థానికుల జీతాలు పడిపోతాయా? దీని మీద పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. 1980లో క్యూబా నుంచి సుమారు 1,25,000 మంది కొద్ది నెలల్లో అమెరికా చేరారు. వారిలో చాలామంది మయామీలోనే దిగిపోయారు. అక్కడి జీతాల మీద పెద్ద ప్రభావం లేదని డేవిడ్ కార్డ్ 1990లో తేల్చారు. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. జార్జ్ బోర్హాస్ అనే మరో ఆచార్యుడు అవే లెక్కలను తిరగేసి, హైస్కూలు కూడా పూర్తిచేయని స్థానికుల జీతాలు బాగా తగ్గాయన్నారు. నాకు అర్థమైనది ఇది: లాభం దేశమంతటికీ పంచుకుపోతుంది, నష్టం ఉంటే అది ఒక వాడకే పడుతుంది. రాజకీయం పుట్టేది ఆ వాడలోనే.

దీనికి మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది. బ్రిటిషు కాలంలో రంగూన్ రేవులో మూటలు మోసినవారిలో ఎక్కువమంది మన తెలుగువాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి పేరు మీద వారిని అక్కడ కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో వారు కూలి పెంచమని సమ్మె చేస్తే, యజమానులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారం కాగానే బర్మా వాళ్ళను పొమ్మన్నారు. అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు, వారిలో అత్యధికులు మనవాళ్ళు. ఇద్దరు పేదవాళ్ళూ కొట్టుకు చచ్చారు. ఓడ సరుకు మాత్రం దిగింది.

చదువుకున్నవాడికి ఈ బాధ లేదనుకోకండి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతేలో మన తెలుగు ఇంజనీరును కాల్చి చంపినవాడు డిగ్రీ ఏమిటని అడగలేదు. హెచ్-1బి వీసాలు ఏడాదికి 65,000, అక్కడి పై చదువులు చదివినవారికి మరో 20,000. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వరు కనుక మన పిల్లల వరుస కదలదు. మా అబ్బాయికి 2014లో దరఖాస్తు వేశారు. ఇంకా వరుసలోనే ఉన్నాడు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో మరొకటి చూసుకోవాలి. గల్ఫ్‌లో కఫీలు చేతిలో పాస్‌పోర్టు, అమెరికాలో కంపెనీ చేతిలో పిటిషను. తాడు పొడవులో తేడా చాలా ఉంది, కట్టు మాత్రం రెండుచోట్లా ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో ప్రవాసులు మన దేశానికి పంపిన సొమ్ములో అమెరికా వాటా దాదాపు 28 శాతం, ఆరు గల్ఫ్ దేశాలది దాదాపు 38 శాతం. గల్ఫ్‌లో మామూలు కూలీకి భార్యాపిల్లలను తీసుకెళ్ళే వీలు లేదు. మిగిలిన ప్రతి పైసా ఇంటికే వస్తుంది. ఇంజనీరు సంసారం, ఇల్లు, పన్నులు అన్నీ అక్కడే. పైగా ఇంజనీరు చదువు మీద మన సమాజం ఎంతో ఖర్చు పెట్టింది. కూలీ తన వీసాకు తానే అప్పు చేశాడు.

ఇప్పుడు అసలు చెప్పవలసినది చెబుతాను. ఇది ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

2004లో మా ఆఫీసు ఇ.డి. ప్యాకరు కొడుకు దుబాయి బయలుదేరాడు. ప్యాకరు ఒక కాగితం తెచ్చి, "సార్, ఒక్కసారి చూడుండ్రి" అన్నాడు. పైన అరబ్బీ, కింద ఇంగ్లీషు. నెలాఖరు, క్యాషు టాలీ కావడం లేదు. "ఏజెంటు చూసుకుంటాడులే" అన్నాను. ఏజెంటు నోటిమాటగా చెప్పిన జీతం వెయ్యి దిర్హాములు, కాగితం మీద ఉన్నది ఆరు వందలు. అదీ మూడు నెలలు ఇవ్వకపోతే కుర్రాడు క్యాంపు విడిచి కల్లివల్లి అయ్యాడు. 2007 ఆమ్నెస్టీలో అవుట్‌పాస్ మీద, ఒంటిమీది బట్టలతో తిరిగొచ్చాడు. మిత్తి మాత్రం ఆ మూడేళ్ళూ పెరుగుతూనే ఉంది.

2006లో మా అబ్బాయికి యూనివర్సిటీ ఉత్తరం వస్తే, నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. ఆ రోజు ఆఫీసులో మిఠాయి పంచింది ఆ ప్యాకరే.

2020 ఆగస్టులో నా భార్య కాలం చేసింది. మా అబ్బాయి వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంది. వస్తే తిరిగి వెళ్ళడానికి స్టాంపు వేసే కాన్సులేట్లు ఆ పని ఆపేశాయి. భార్యాబిడ్డలు, ఉద్యోగం అక్కడ. ఫోనులో చూస్తూ ఏడ్చాడు. కరోనా భయంతో బంధువులు గడప దాటలేదు. పాడె పట్టిన నలుగురిలో ఆ ప్యాకరు కొడుకు ఒకడు. ఇప్పుడు మేస్త్రీ పని చేసుకుంటున్నాడు. ఆ కాగితం మాట నేను ఎత్తితే, "అయిపోయింది గద సార్" అన్నాడు. అయిపోలేదు. ఆ ఇంగ్లీషు అయిదు నిమిషాల పని.

మిత్రులారా, వీసాల కోటా మన చేతిలో లేదు. కాగితం చదవడం మాత్రం మనకు తెలిసిన విద్య. ముప్ఫై అయిదేళ్ళు మనం చదివింది ఫారాలే కదా! అందుచేత సంఘానికి నా విన్నపం. ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండు వరకు మన సంఘం గదిలో ఇద్దరం ముగ్గురం కూర్చుందాం. విదేశాలకు వెళ్ళే పిల్లల కాగితాలు ఉచితంగా చూద్దాం. ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడాలి. ఆ ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము ముప్ఫై వేలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే అని చెప్పాలి. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా చేయించారా అని అడగాలి. ఒప్పందంలో జీతం, పని, పనిగంటలు తెలుగులో చదివి వినిపించాలి. అమెరికా వెళ్ళే పిల్లలూ రావచ్చు. వాళ్ళ కాగితాల్లోనూ చిన్న అక్షరాలు ఉంటాయి.

కళ్ళజోడు తెచ్చుకుని వచ్చే ఆదివారం నేను వస్తున్నాను. తోడుగా మరో ఇద్దరు సభ ముగిశాక పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.